అల్లరి వెనక, మౌనం వెనక: చిన్ననాటి కష్టాలు పిల్లల్ని ఎలా మారుస్తాయి

మీరు ఒక్క సంవత్సరం పాఠం చెప్పినా చాలు, ఇలాంటి పిల్లలు మీకు తారసపడే ఉంటారు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి అటే చూసే అబ్బాయి. "ఇక్కడ దీర్ఘం పెట్టాలి నాన్నా" అని మెల్లగా చెప్పినా కాగితం పర్రున చింపేసే అమ్మాయి. తరగతి అయిపోవడానికి పావుగంట ముందు నుంచీ గడియారం చూస్తూ, "ఇవాళ అమ్మ వస్తుందా, నాన్న వస్తారా?" అని నాలుగుసార్లు అడిగే పాప. ఇంకొకడుంటాడు, వాడు అసలు ఏమీ చెయ్యడు. గుణింతాలు తప్పు లేకుండా రాస్తాడు, ఎవరితోనూ మాట్లాడడు, మీరు ఏది చెబితే అది చేస్తాడు. మనం వాణ్ణి బుద్ధిమంతుడు అంటాం.

వీళ్ళలో చాలామందికి ఏ కష్టమూ ఉండకపోవచ్చు. నిద్ర చాలకపోయినా, ఆకలేసినా, ముందు రోజు రాత్రి ఎవరిదో పుట్టినరోజు పార్టీ నుంచి పన్నెండింటికి ఇల్లు చేరినా పిల్లలు ఇలాగే ఉంటారు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. లేకపోతే ఈ పాఠం చదివాక ప్రతి అల్లరి పిల్లవాడి వెనకా ఒక విషాదం వెతకడం మొదలుపెడతాం, అదో కొత్త చిక్కు. కానీ కొంతమంది పిల్లల విషయంలో మనం "క్రమశిక్షణ లేదు" అనుకునేది వాళ్ళ ఒంటికి పట్టిన అలవాటు. తమని తాము కాపాడుకోవడానికి వాళ్ళ శరీరం నేర్చుకున్న విద్య అది. వారానికి రెండు గంటలు తెలుగు చెప్పే మనకి దీనితో ఏం పని అనిపించవచ్చు. పని ఉంది.

శాన్ డియేగోలో పుట్టిన ప్రశ్న

1980లలో శాన్ డియేగోలోని కైజర్ పర్మనెంటేలో డాక్టర్ విన్సెంట్ ఫెలిట్టి ఊబకాయం తగ్గించే క్లినిక్ ఒకటి నడిపేవారు. విచిత్రం ఏమిటంటే, బరువు బాగా తగ్గుతున్నవాళ్ళే మధ్యలో మానేసి వెళ్ళిపోతున్నారు. ఎందుకో తెలుసుకుందామని కూర్చోబెట్టి వాళ్ళ జీవితాల గురించి అడిగితే, అందులో చాలామంది చిన్నప్పుడు లైంగిక హింసకి గురైనవాళ్ళని తేలింది. డాక్టర్ జబ్బు అనుకున్న బరువు వాళ్ళలో కొందరికి ఒక కవచం. అది కరుగుతుంటే వాళ్ళకి భయం వేసింది.

ఆ తర్వాత ఫెలిట్టి, సి.డి.సి.లో పనిచేసే డాక్టర్ రాబర్ట్ ఆండా కలిసి 1995 నుంచి 1997 వరకు 17,000 మందికి పైగా పెద్దవాళ్ళని వాళ్ళ బాల్యం గురించి అడిగారు. పద్దెనిమిదేళ్ళు నిండేలోపు మిమ్మల్ని ఎవరైనా కొట్టేవారా, మాటలతో తూట్లు పొడిచేవారా, లైంగికంగా హింసించారా? తిండీ బట్టా పట్టించుకునేవాళ్ళు ఉండేవారా, ప్రేమగా చూసేవాళ్ళు ఉండేవారా? మీ అమ్మని కొట్టడం చూశారా? ఇంట్లో తాగుడు గానీ మత్తుమందులు గానీ, మానసిక జబ్బు గానీ ఉండేదా? అమ్మానాన్నా విడిపోయారా? ఇంట్లో ఎవరైనా జైలుకి వెళ్ళారా? మొత్తం పది రకాలు, ఒక్కో రకానికి ఒక్కో అంకె. దాన్నే "ఏస్ స్కోర్" అంటున్నారు. మీ పిల్లల డాక్టర్ ఆఫీసులో ఈ మాట విని ఉండవచ్చు.

మొదటి ఫలితాలు 1998లో వచ్చాయి. పరిశోధన పూర్తయ్యేసరికి తేలింది ఇది: ప్రతి ముగ్గురిలో ఇద్దరికి కనీసం ఒక రకం కష్టం ఉంది. ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి నాలుగో, అంతకన్నా ఎక్కువో ఉన్నాయి. అలా నాలుగు దాటినవాళ్ళలో తాగుడు, మత్తుమందుల అలవాటు, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నం, ఏ కష్టమూ లేనివాళ్ళ కంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనబడ్డాయి. మనసుకి సంబంధించిన జబ్బులతో ఇది ఆగలేదు. అంకె పెరిగినకొద్దీ గుండె జబ్బు, కాన్సర్, ఊపిరితిత్తుల జబ్బు, కాలేయం జబ్బు కూడా పెరిగాయి.

ఆ జవాబులు చెప్పినవాళ్ళు ఎవరో మనవాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవాలి. వాళ్ళంతా మంచి హెల్త్ ఇన్సూరెన్సు ఉన్నవాళ్ళు. నాలుగింట మూడు వంతుల మంది కాలేజీ గడప తొక్కినవాళ్ళు. "మన ఇళ్ళల్లో అలాంటివి ఉండవండీ, అందరం చదువుకున్నవాళ్ళమే కదా" అని పేరెంట్స్ మీటింగులో ఎవరైనా అంటే, దానికి జవాబు ఇక్కడే ఉంది.

పెద్దయ్యాక గుర్తు తెచ్చుకుని చెప్పిన మాటల మీద ఎంతవరకు ఆధారపడొచ్చు అని మీకు అనుమానం రావచ్చు. న్యాయమైన అనుమానమే. అందుకే న్యూజిలాండ్‌లోని డునెడిన్ పరిశోధన విలువైనది. అక్కడ 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని చిన్నప్పటి నుంచీ వదలకుండా గమనిస్తూ వస్తున్నారు. వాళ్ళకి 32 ఏళ్ళు వచ్చాక రక్తం పరీక్షిస్తే, బాల్యంలో హింస అనుభవించినవాళ్ళ ఒంట్లో లోపలి వాపుని సూచించే ప్రోటీన్ ఎక్కువగా ఉంది. పెద్దయ్యాక వాళ్ళ అలవాట్లు ఏమిటన్నది లెక్కలోంచి తీసేసినా ఆ తేడా పోలేదు. ఈ లోపలి వాపుకీ గుండె జబ్బుకీ సంబంధం ఉందని డాక్టర్లకి తెలిసిందే.

ఒంట్లో ఏం జరుగుతుంది?

రోడ్డు దాటుతుంటే కారు మీదకి వచ్చిందనుకోండి. గుండె దడదడలాడుతుంది, కాళ్ళల్లోకి రక్తం పరుగెడుతుంది, ఒళ్ళంతా కళ్ళవుతుంది. అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు చేసే పని ఇది. కారు వెళ్ళిపోయాక కాసేపటికి అన్నీ సర్దుకుంటాయి. ఆ కారు రోజూ రాత్రి ఇంటికే వస్తే? ఎప్పుడు వస్తుందో తెలియకపోతే? అప్పుడు శరీరం ఆ దడని పూర్తిగా తగ్గనివ్వదు. ఎప్పుడూ సగం సిద్ధంగానే ఉంటుంది.

పసిపిల్లలకి ఆ దడని తమంతట తాము తగ్గించుకోవడం చేతకాదు. ఎత్తుకుని వీపు నిమిరే చెయ్యి కావాలి. "ఏం లేదమ్మా, నేనున్నాను" అనే గొంతు కావాలి. అలా వందలసార్లు పెద్దవాళ్ళు తగ్గించగా తగ్గించగా, మెల్లగా పిల్లకే అది అలవాటవుతుంది. హార్వర్డ్‌లో పిల్లల ఎదుగుదల మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఒత్తిడిని మూడు రకాలుగా చెబుతారు: ఎదుగుదలకి పనికొచ్చేది, తట్టుకోగలిగేది, విషంలా పనిచేసేది. తాతయ్య పోవడం ఎంత పెద్ద దుఃఖమైనా, ఒళ్ళో పెట్టుకుని ఓదార్చేవాళ్ళుంటే అది రెండో రకంలోనే ఉండిపోతుంది. కష్టం ఎంత పెద్దదన్నది ఒక్కటే చూడకూడదు, ఆ సమయంలో పిల్ల పక్కన ఎవరున్నారన్నది కూడా అంతే ముఖ్యం.

భయాన్ని పసిగట్టే మెదడు భాగం ఇలాంటి పిల్లల్లో చురుగ్గా, తొందరగా పనిచేస్తుంది. నుదుటి వెనక ఉండే, ఆలోచించి ఆగే భాగం ఎవరికైనా ఇరవైల మధ్యలోకి వచ్చేదాకా పూర్తిగా ఎదగదు. ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటే దాని పని ఇంకా కష్టం. అందుకని మీరు బోర్డు మీద "క్క, గ్గ" రాస్తుంటే ఆ అబ్బాయి ధ్యాస లేక కూర్చున్నాడని అనుకోకండి. వాడికి ధ్యాస కావలసినంత ఉంది. అది మీ ముఖం మీద, మీ గొంతు మీద, వరండాలో అడుగుల చప్పుడు మీద ఉంది. వాడి లెక్కలో ద్విత్వాక్షరాలు వాటి తర్వాతే.

అప్పటి దడ పెద్దయ్యాక జబ్బుగా మారడానికి రెండు దారులు. సిగరెట్, మందు, అతిగా తినడం, ఇవన్నీ లోపలి బాధని కాసేపు మరిపిస్తాయి. మనకి దురలవాటుగా కనబడేది వాళ్ళకి చవకగా దొరికిన మందు. రెండోది, ఏ దురలవాటూ లేకపోయినా ఏళ్ళ తరబడి సగం దడలో ఉన్న శరీరం అరిగిపోవడం.

మరి జరిగిపోయింది జరిగిపోయినట్టేనా? కాదు. 1989లో రుమేనియాలో చౌషెస్కూ ప్రభుత్వం కూలిపోయాక, అక్కడి అనాథాశ్రమాల్లో మనిషి స్పర్శ కరువై పెరుగుతున్న వేలమంది పిల్లలు లోకం కంట పడ్డారు. తర్వాత బుకారెస్ట్‌లో 136 మంది పసివాళ్ళని తీసుకుని, చీటీ వేసినట్టుగా సగం మందిని పెంపుడు కుటుంబాల్లో పెట్టి చూశారు. ఇళ్ళకి వెళ్ళిన పిల్లలు తెలివిలోనూ, మనుషులతో కలవడంలోనూ మెరుగయ్యారు. రెండేళ్ళు నిండకముందే వెళ్ళినవాళ్ళు ఇంకా బాగా మెరుగయ్యారు.

మన బడికి ఇంకా దగ్గరగా ఉన్న కథ హవాయిలోని కవాయి ద్వీపానిది. 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ అనే ఇద్దరు వాళ్ళకి నలభై ఏళ్ళు వచ్చేదాకా గమనించారు. తోటల్లో పనికోసం సముద్రం దాటి వచ్చినవాళ్ళ మనవలు ఆ పిల్లల్లో చాలామంది ఉన్నారు. పేదరికం, తాగుడు, ఇంట్లో గొడవలు, ఇలా కష్టాలన్నీ ఒక్కచోటే చేరిన పిల్లల్లో కూడా మూడోవంతు మంది చక్కగా, పదిమందికి పనికొచ్చే మనుషులుగా ఎదిగారు. వాళ్ళ వెనక ఏముందని చూస్తే, తమని పట్టించుకున్న పెద్దమనిషి కనీసం ఒకరైనా ఉన్నారు. అది తల్లో తండ్రో కానక్కర్లేదు. బామ్మ, పక్కింటివాళ్ళు, చాలాసార్లు ఒక టీచరు.

మన ఇళ్ళ సంగతి

ఆ పది ప్రశ్నల్లో లేనివి కూడా మన కుటుంబాల్లో కొన్ని ఉన్నాయి. ఉద్యోగాలు, వీసాలు, డే కేర్ ఖర్చులు కుదరక పసిబిడ్డని ఇండియాలో అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో రెండు మూడేళ్ళు ఉంచడం మనకి కొత్త కాదు. దీన్ని హింస అనడం అన్యాయం. ఆ తల్లిదండ్రులు కడుపు కట్టుకుని చేసిన పని అది. కానీ బిడ్డ వైపు నుంచి చూడండి. నాలుగేళ్ళకి అమెరికా వచ్చినప్పుడు తల్లిదండ్రులు "పాపని తెచ్చేసుకున్నాం" అంటారు. పాపకి మాత్రం తనని పెంచిన మనిషి ఒక్క రోజులో మాయమైపోయింది. ఆ పాపకి తెలుగంటే అమ్మమ్మ గొంతు. మీరు "అమ్మమ్మ" పాఠం మొదలుపెట్టగానే బల్ల కింద దూరిందంటే, అది మీ పాఠం బాగాలేక కాదు.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. కొందరు పిల్లలకి ఇంగ్లీషు బడి భాష, తెలుగు తిట్ల భాష. బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు, టర్కిష్ మాతృభాషగా ఉండి పెద్దయ్యాక ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్ళకి రెండు భాషల్లో మాటలు వినిపించి చర్మం మీది చెమట మార్పుని కొలిచారు. 2003లో వెలువడిన ఆ ఫలితాల్లో, చిన్నప్పుడు విన్న "సిగ్గు లేదూ" లాంటి మందలింపులకి మాతృభాషలోనే ఒళ్ళు ఎక్కువగా స్పందించింది. రెండు భాషలూ పసితనంలోనే వచ్చినవాళ్ళలో ఇంత తేడా కనబడదని తర్వాతి పరిశోధన చెప్పింది కాబట్టి మన పిల్లలందరికీ దీన్ని అంటగట్టలేం. అయినా ఒక టీచరుగా ఇది గుర్తుంచుకోదగ్గదే. మీరు మామూలుగా అన్న "ఏయ్, నోరు ముయ్" ఒక పిల్లవాడి చెవిలో రాత్రి ఇంట్లో విన్న గొంతుతోనే వినబడవచ్చు. ఇక్కడి పగటి బడిలో టీచర్లు వాడని మాటలు మన బడిలో, ఎంత చనువుగా అయినా సరే, వాడొద్దు.

"మమ్మల్ని కొట్టి పెంచలేదా, బాగానే ఉన్నాం కదా" అనే మాట మీకు తప్పకుండా ఎదురవుతుంది. బాగానే ఉన్నవాళ్ళు ఉన్నారు, నిజం. దెబ్బల వల్లే బాగున్నారని మాత్రం ఎవరూ చూపించలేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018లో పిల్లల్ని కొట్టడం, అవమానించడం వద్దని తల్లిదండ్రులకి స్పష్టంగా చెప్పింది. వాదనకి దిగకండి, ఆ సంగతి చెప్పి ఊరుకోండి.

మనవాళ్ళలో బయటికి రాని ఇంకో విషయం తల్లి మీద జరిగే హింస. హెచ్-4 వీసా మీద వచ్చిన తల్లికి ఈ దేశంలో ఉండే హక్కు భర్త వీసాకి ముడిపడి ఉంటుంది. నోరు విప్పితే వీసా పోతుందేమో, పిల్లలు దూరమవుతారేమో అని భయం. ఆ పైన పరువు. పిల్లలకి ఇదంతా తెలుసు. మన ముందు మాట్లాడకూడదనీ తెలుసు.

తరగతిలో ఏం చెయ్యాలి?

ముందుగా చెయ్యకూడనిది: పిల్లలకి ఏస్ స్కోర్ లెక్కెయ్యడం. ఆ అంకె వేలమంది గురించి చెబుతుంది గానీ ఒక్క పిల్లవాడి జాతకం చెప్పదు. దాన్ని ఒక్కొక్క మనిషికీ అంటగట్టి వాడటం తప్పని ఆండాయే 2020లో రాశారు. మనం డాక్టర్లం కాదు, కారణం కనుక్కోవడం మన పని కాదు.

మనం ఇవ్వగలిగింది, ఆ రెండు గంటలూ ఎలా నడుస్తాయో ముందే తెలిసి ఉండటం. ప్రతివారం ఒకేలా మొదలుపెట్టండి: గుమ్మం దగ్గర పేరు పెట్టి పలకరింపు, తర్వాత పద్యం, తర్వాత పాఠం, తర్వాత ఆట. మార్పు ఉంటే ముందు వారమే చెప్పండి. వచ్చేవారం మీరు రాలేకపోతే, ఎవరొస్తారో పిల్లలకి చెప్పి వెళ్ళండి. ఇది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. పెద్దవాళ్ళు చెప్పకుండా మాయమవడం చూసిన పిల్లకి ఇది చిన్న విషయం కాదు.

"మా కుటుంబం గురించి పది వాక్యాలు రాయండి", "నాన్న గురించి చెప్పు" లాంటి అభ్యాసాలు మన పుస్తకాల్లో ఉన్నాయి. తీసెయ్యక్కర్లేదు. పక్కన ఇంకో దారి పెట్టండి: "నీకు ఇష్టమైన మనిషి గురించి, లేదా నీకు ఇష్టమైన చోటు గురించి రాయి." నేర్పాల్సిన క్రియలు, విభక్తులు అందులోనూ వస్తాయి. తప్పు దిద్దేటప్పుడు బోర్డు దగ్గరికి పిలిచి అందరి ముందూ కాకుండా, వాడి బల్ల దగ్గరికి వెళ్ళి, వాడి ఎత్తుకి వంగి చెప్పండి. వెనకనుంచి వెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యొద్దు. గొడవ ముదిరితే, "బయటికి పో" అనకుండా "కాసేపు ఇక్కడ కూర్చుని బొమ్మ వేసుకో, తర్వాత మాట్లాడుకుందాం" అనండి. దడ తగ్గేదాకా ఏ నీతి బోధా వాళ్ళ తలకెక్కదు.

ఇక ఇంటికి ఫిర్యాదు చెయ్యడం గురించి. "మీవాడు ఇవాళ అస్సలు వినలేదండీ" అని మీరు సరదాగా పెట్టిన ఒక్క వాట్సాప్ మెసేజ్ కొన్ని ఇళ్ళల్లో ఆ రాత్రి దెబ్బలవుతుంది. ఆ ఇల్లు ఏదో మీకు తెలియదు. అందుకని అందరి విషయంలోనూ ఒకే పద్ధతి పాటించండి: గ్రూపులో ఏ పిల్లల గురించీ ఫిర్యాదు రాయకండి. చెప్పక తప్పనప్పుడు ఆ పిల్ల బాగా చేసిన పని ఒకటి ముందు చెప్పి, తర్వాత అసలు విషయం ఫోన్‌లో మాట్లాడండి. "మా నాన్నకి చెప్పొద్దు టీచర్, ప్లీజ్" అని ఒక పిల్ల వణికిపోతూ అంటే, మామూలు భయమా కాదా అని ఒక్క క్షణం ఆగి చూడండి.

పిల్లలు ఏదైనా చెబితే

ఎక్కువగా ఎవరూ లేనప్పుడు, సంచి సర్దుకుంటూ, అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు చెబుతారు. కంగారు పడకండి. "చెప్పినందుకు మంచి పని చేశావు, ఇది నీ తప్పు కాదు" అనండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, అది నిలబెట్టుకోలేని మాట. తరచి తరచి ప్రశ్నలు వెయ్యకండి. విచారణ చెయ్యడానికి వేరే మనుషులున్నారు, మన ప్రశ్నల వల్ల పిల్ల చెప్పే మాటే మారిపోవచ్చు. అసలు నిజమేనా అని తల్లిదండ్రులకి ఫోన్ చేసి కనుక్కోవడం అన్నిటికన్నా ప్రమాదం. విన్న మాటలు విన్నట్టే, తేదీ వేసి, ఆ రోజే రాసి పెట్టుకోండి.

తర్వాత రిపోర్ట్ చెయ్యాలి. ఎవరు చెయ్యాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లోనూ న్యూజెర్సీలోనూ అనుమానం వచ్చిన ప్రతి ఒక్కరి మీదా ఆ బాధ్యత ఉంది. కాలిఫోర్నియాలో 2022 నుంచి పిల్లలతో పనిచేసే సంస్థల్లో ఏడాదికి 32 గంటలు దాటి పనిచేసే పెద్దవాళ్ళైన వలంటీర్లకి వేలిముద్రల తనిఖీ, రిపోర్టింగ్ శిక్షణ తప్పనిసరి చేశారు. వారానికి రెండు గంటల లెక్కన మన టీచర్లు 17వ వారానికే ఆ గీత దాటేస్తారు. మీ రాష్ట్రం నియమాలు మీ కోఆర్డినేటర్ని అడిగి తెలుసుకోండి. కానీ కోఆర్డినేటర్‌కి చెప్పేశాం కదా అని మీ బాధ్యత తీరిపోయిందనుకోకండి. రుజువు చూపించక్కర్లేదు, సహేతుకమైన అనుమానం చాలు. మంచి ఉద్దేశంతో చేసిన రిపోర్టుకి అన్ని రాష్ట్రాల్లోనూ చట్టం రక్షణ ఇస్తుంది. ఎక్కడికి చెయ్యాలో తెలియకపోతే చైల్డ్‌హెల్ప్ నంబరు 1-800-422-4453. పిల్ల ఆ క్షణాన ప్రమాదంలో ఉంటే 911.

తల్లి విషయమైతే, మన భాషలూ మన ఇళ్ళూ తెలిసినవాళ్ళు నడిపే సంస్థలున్నాయి: న్యూజెర్సీలో 1985 నుంచి పనిచేస్తున్న మానవి, న్యూయార్క్‌లో సఖి, బే ఏరియాలో మైత్రి, అట్లాంటాలో రక్ష, హ్యూస్టన్‌లో దయ. వీటి ఫోన్ నంబర్లు ఆడవాళ్ళ రెస్ట్‌రూమ్ తలుపు లోపలి వైపు అంటించి ఉంచితే, ఎవరినీ అడగకుండా చూసుకోవచ్చు.

ఇది చిన్న ఊరు లాంటి సమాజం. రిపోర్ట్ చేసిన ఇంటివాళ్ళు మీకు రేపు ఉగాది సంబరాల్లో ఎదురుపడవచ్చు, మీ పక్కనే వడ్డన చెయ్యవచ్చు. ఆ ఇబ్బంది నిజమైనదే, లేదనడం లేదు. రిపోర్ట్ సంగతి మీ కోఆర్డినేటర్‌కి తప్ప ఇంకో టీచరుకి, ఇంట్లో భర్తకో భార్యకో కూడా చెప్పకండి. తర్వాతి వారం ఆ పాప తరగతికి వస్తే ఏమైందని అడగకండి, ప్రత్యేకంగా ముద్దు చెయ్యకండి. గుమ్మం దగ్గర ఎప్పటిలా పేరు పెట్టి పలకరించి, ఎప్పటి చోటే కూర్చోనిచ్చి, ఆ వారం పద్యం మొదలుపెట్టండి.